గణపతిదేవుని శాసనములు: చదువగోరువాని దారి

బాపట్ల జిల్లా సముద్రతీరమున, చినగంజాము మండలములోని మోటుపల్లి గ్రామమందు, వీరభద్రాలయపు మండపస్తంభముపై, కాకతి గణపతిదేవ మహారాజు శకవర్షము 1166లో, అనగా క్రీ.శ. 1244–45 నాట చెక్కించిన అభయశాసన మొకటి కలదు. తుపానులో చిక్కి పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వరాజులు బలాత్కారముగా కైవసము చేసికొనుచుండెడివారనియు, తాను మాత్రము ప్రాణమునకంటె ధనమే మిన్నయని తలచి సముద్రయానమునకు సాహసించిన ఆ వర్తకులయందు దయ వహించి, కీర్తికొఱకును ధర్మముకొఱకును, నిర్ణీతమైన సుంకము తప్ప తక్కిన సర్వస్వమును వారికే విడుచుచున్నాననియు ఆ రాజు అందు ప్రకటించినాడు. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు సుంకమని నియమించి, చందనము, కర్పూరము, ముత్యములు, దంతము, పట్టునూలు మొదలగు సరకులకు ఏ ధరపై ఎంత చెల్లింపవలయునో పట్టిక వేయించినాడు. ఓడ దిగిన పరదేశి యెవ్వడైనను, ఆ మాట చదువనేర్చినవాని నొకనిని వెంటబెట్టుకొని ఆ స్తంభమువద్దకు నడచిన చాలును. రాజు మాట ఏమో, తాను చెల్లింపవలసిన దేమో తెలిసికొనుటకు ఒక్క కాసైనను వెచ్చింపనక్కఱలేకుండెను.

నేడు అదే శాసనమును చదువగోరు తెలుగువా డేమి చేయవలయును? ఎచటికి పోవలయును? ఎంత వెచ్చింపవలయును? ఏ భాష నేర్చియుండవలయును? ఒక్క మోటుపల్లి శాసనమును గుఱించియే కాదు, క్రీ.శ. 1199 మొదలు 1262 వఱకు అఱువదియేండ్లకు పైగా ఏలి, ఓరుగంటి గద్దెమీదనుండి తెలుగునేల నంతటిని ఒక్క యేలుబడిక్రిందికి తెచ్చిన ఆ మహారాజు కాలపు మూలపత్రములన్నిటిని గుఱించియు ఈ ప్రశ్న వేయదగినదే. చరిత్ర పుస్తకములు చదివి తృప్తిపడువారికి ఈ వ్యాసముతో పనిలేదు. ఆ చరిత్రకారుడు దేనిని చూచి ఆ మాట వ్రాసినాడో దానిని తానును చూడవలెనని కోరువారు, జీతము చిన్నదైనను జిజ్ఞాస పెద్దదైన బడిపంతుళ్లు, విద్యార్థులు, పల్లెటూరి పాఠకులు చాలమంది యున్నారు. వారికొఱకు ఈ సమీక్ష.

ముందుగా మూలపత్రమన నేమో నిశ్చయించుకొనవలెను. 1323లో ఓరుగల్లు పడిపోయిన పిదప కాకతీయుల రాజకార్యాలయపు లేఖ లేవియు మనవఱకు రాలేదు. ఏ కరణము ఏ తాటియాకుపై ఏ లెక్క వ్రాసెనో మన మెఱుగము. మిగిలినవి శాసనములు, వానిలోను రాగిఱేకులు మిక్కిలి తక్కువ, ఱాతిశాసనములే యెక్కువ. ప్రతాపచరిత్ర వంటి గ్రంథములు తరువాతి కాలమున విన్నవారు విన్నట్లు కూర్చినవి; కథగా చదువుటకు రమ్యములే గాని, గణపతిదేవుని కాలమునకు సాక్షులుగా నిలువవు. ఆ కాలమునందే పుట్టి మనకు దక్కిన గ్రంథము కావలెనన్నచో, ఆ రాజు గజసేనాపతియైన జాయప సంస్కృతమున రచించిన నృత్తరత్నావళి యున్నది. దానిని వి. రాఘవన్ గారు పరిష్కరింపగా 1965లో మదరాసునందు అచ్చైనది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు తెలుగు చేసిరి. కాని అది నాట్యశాస్త్రము. రాజ్యమును గుఱించి అడిగినచో దానికంటె జాయప దివిసీమలోని గణపేశ్వరమున తన రాజు పేరిట దేవాలయము కట్టించి 1231లో వేయించిన ఱాతిశాసనమే మనకు ఎక్కువ చెప్పును.

ఈ ఱాతిపత్రములలో రాజు స్వయముగా వేయించినవి కొన్నియే యని పాఠకుడు మఱవరాదు. రాజ్య మెట్లున్నదో తెలుపునవి అధికముగా సామంతులు, మంత్రులు, రాజబంధువులు, వర్తకులు వేయించినవే. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్పగుడి కట్టించి, ప్రాంగణములోనే నిలిపిన శాసనము తన వంశమును, తాను కాకతిరాజ్యమునకు చేసిన సేవను చెప్పును. రాజసోదరియగు మైలాంబ బయ్యారమున ధర్మకీర్తిసముద్రమను చెఱువు త్రవ్వించి వేయించిన శాసనము, కాకతీయుల మూలపురుషుల పేర్లను వరుసగా చెప్పి, ఎన్నో యేండ్లుగా చరిత్రకారులు తడవులాడుచుండిన వంశక్రమమునకు వెలుగు చూపినది. రాజపుత్రికయగు గణపమదేవి యనమదలలో వేయించినది కోట వంశపు సంబంధమును తెలుపును. కాంచీపురపు ఏకామ్రనాథాలయములోని 1249 నాటి శాసనము గణపతిదేవుని ప్రాభవము ఎంతదూరము దక్షిణమునకు పాకినదో చూపును. 1261లో రాజపుత్రికయగు రుద్రమదేవి చేయించిన మల్కాపురపు శాసనము, గణపతిదేవుడు తన గురువైన విశ్వేశ్వరశివాచార్యునకు నోటిమాటగా ఇచ్చిన మందరగ్రామమును స్థిరపఱచుచు, అచటి గోళకీమఠమను శైవమఠమున విద్యార్థులకు, అన్నసత్రమునకు, ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు చేసిన ఏర్పాటులను ఒక్కొక్కటిగా వివరించును. పదుమూడవ శతాబ్దపు తెలుగునేలలో కాన్పుకొఱకు ఒక శాల యుండెనని మన కెవరు చెప్పిరి? ఏ కవియు చెప్పలేదు. ఆ ఱాయి చెప్పినది. మంథనినుండి కాంచివఱకు, పాకాలనుండి సముద్రపుటొడ్డువఱకు చెదరియున్న ఇట్టి ఱాళ్లే ఈ రాజు దస్తావేజులు.

వీనిని చేరుటకు మొదటి దారి కాలినడకయో, బస్సు టిక్కెట్టో. ఇది అన్నిటికంటె చవుక. ఒకరకముగా అన్నిటికంటె కష్టము. రామప్పగుడి 2021లో ప్రపంచవారసత్వస్థానముగా గుర్తింపు పొందిన పిదప అచటి త్రోవ సుగమమైనది. శాసనపు ఱాయిని కండ్లార చూడవచ్చును. కాని చాలచోట్ల అట్లు కాదు. సున్నము పూసిన స్తంభములు, నూనె పసుపు కుంకుమలతో పొర కట్టిన నంది దిమ్మలు, గర్భాలయపు చీకటిలో తలక్రిందులుగా గోడలో పొదిగింపబడిన శిలలు, పొలపు గట్టుపై సగము మంటిలో కూరుకొనిన పలకలు మనకు ఎదురగును. భక్తితో చేసిన పనిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. అయినను అక్షరముమీద పడిన ప్రతి సున్నపుపొరయు ఆ దాత పేరును ఇంకొంత మఱుగుచేయుచున్నదని దుఃఖింపకుండ నుండలేను. అక్షరము కనబడిన చోటను, ఏడువందల యేండ్లకు పైబడిన లిపిని ఎండలో నిలిచి తడబడకుండ చదువుట పండితులకే సాధ్యము. కావున ఱాతిదర్శనము అవసరమే. అది మొదటి మెట్టు కాదు, చివరి మెట్టు. పాఠమును ముందు ఇంట చదువుకొని పోయినవానికే ఆ ఱాయి మాటలాడును.

రెండవది ఱాతికి నకలు. ఱాతిని శుభ్రముగా కడిగి, తడిపిన కాగితమును దానిపై పఱచి, కుంచెతో తట్టి తట్టి అక్షరపు పల్లములలోనికి దింపి, ఆఱుచుండగా సిరా అద్దిన మెత్తతో పైపైన ఒత్తినచో, నల్లని నేలపై తెల్లని అక్షరములతో శాసనము కాగితముపై నిలుచును. ఎస్టాంపేజీ యని శాసనశాఖవారు పిలుచు ఈ నకళ్లు, ఱాయి పగిలినను, చెఱువుక్రింద మునిగినను, మనకు మిగులునవి. వేలకొలది యిట్టివి మైసూరునందలి భారత పురావస్తు సర్వేక్షణవారి శాసనవిభాగమున భద్రముగా నున్నవి. పరిశోధకుడు అనుమతి తెచ్చుకొని, మైసూరునకు పోయి, బసకు భోజనమునకు వెచ్చించి చూడవలసినవి గనుక, ఇవి సామాన్య పాఠకుని దారిలో ఇంకను పడలేదు. ఎన్నడైన పడునా యను ప్రశ్నకు మరల వత్తును.

మూడవది, నేటివఱకు అన్నిటికంటె ముఖ్యమైనది, అచ్చు. దీని కథ కొంత విస్తరించి చెప్పదగినది. ఎందుకన తెలుగుపాఠకుడు తన రాజుల శాసనములకు దూరమైన తీరు ఇందు కనబడును. కాకతీయ శాసనములలో తొలుత పండితలోకమున ప్రసిద్ధికెక్కినది గణపతిదేవునిది కాదు. ఆయన పెదతండ్రి రుద్రదేవుడు 1163లో హనుమకొండ వేయిస్తంభములగుడిలో వేయించినది. దానిని ఫ్లీటు పండితుడు 1882లో బొంబాయినుండి వెలువడుచుండిన ఇండియన్ ఆంటిక్వరీలో ప్రకటించెను. గణపతిదేవుని కాంచీశాసనమును అదే పత్రికలో 1892లో హుల్ట్‌జ్ పండితుడు పరిష్కరించెను. గణపేశ్వరపు శాసనము, యనమదల శాసనము ఆయనయే ఎపిగ్రాఫియా ఇండికా 3వ సంపుటమునందు అచ్చు వేయించెను; మోటుపల్లిది అదే గ్రంథమాల 12వ సంపుటములో వచ్చినది. పాలంపేట శాసనమును, పాకాల శాసనమును బార్నెట్టు పండితుడు నిజాము ప్రభుత్వపు హైదరాబాదు పురావస్తు గ్రంథమాలలో ప్రకటించెను. మల్కాపురపుది రాజమహేంద్రవరపు ఆంధ్రేతిహాస పరిశోధకమండలి పత్రికలో జయంతి రామయ్యపంతులుగారి చేత వెలుగు చూచినది. ఇట్లు ఒక్క రాజు కాలపు ఆఱేడు ప్రధానశాసనములు చదువుటకు, దేశపు నలుమూలల వేర్వేఱు ప్రభుత్వముల, వేర్వేఱు సంఘముల ప్రచురణములను వెదకికొనవలసివచ్చెను. వానిలో పెక్కింటి వెల ఆనాటి ఉపాధ్యాయుని కందునది కాదు. కొనగలిగినను అంగళ్లలో దొరకునవి కావు.

వెలకంటె బాధాకరమైన సంగతి యింకొకటి. ఎపిగ్రాఫియా ఇండికాలో మూలపాఠము రోమను లిపిలో అచ్చైనది. వివరణయు అనువాదమును ఆంగ్లమున. తెలుగులిపిలో చెక్కిన తెలుగుమాటను తెలుగువాడు రోమను అక్షరములలో కూడబలుకుకొని చదువవలసిన దుస్థితి! ఆ పండితులను నిందించుట నా యుద్దేశము కాదు. హుల్ట్‌జ్ వంటి విదేశీయుడు మన ఱాళ్లను వెదకి, తప్పులు లేకుండ చదివి, లోకమునకు తెలిపినందుకు మనము సర్వదా కృతజ్ఞులము. కాని ఆయన వ్రాసినది ఆయనవంటి పండితులకొఱకు. మనవారికొఱకు వ్రాయవలసినది మనవారే.

ఆ పనికి తొలుత పూనుకొన్న మహనీయుడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా మండలిద్వారా శాస్త్రచరిత్రగ్రంథములు చవుకవెలకు తెలుగిండ్లకు చేర్చవలెనను సంకల్పము ఆయనది. చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము ఆ సంకల్పపు ఫలమే. కాకతీయుల కథ గల రెండవ భాగము 1912లో వెలువడినది. ఆ గ్రంథము చదివిన తరమువారికి తమ రాజులు ఉండిరని తెలియుటయే గొప్ప. 1923లో లక్ష్మణరావుగారు పరమపదించిన తరువాత, ఆయన పేరిట హైదరాబాదులో వెలసిన లక్ష్మణరాయ పరిశోధకమండలి, నిజాము రాష్ట్రమున తెలుగునకు నిలువనీడ లేని దినములలో ఊరూర తిరిగి శాసనములను సేకరించి, 1935లో తెలంగాణా శాసనములు మొదటి సంపుటమును తెలుగులోనే ప్రకటించెను. ప్రభుత్వపు సొమ్ము లేదు, పదవులు లేవు. ఆదిరాజు వీరభద్రరావుగారివంటి ఉపాధ్యాయుల శ్రమయే వారి మూలధనము. రెండవ సంపుటము 1960లో వచ్చినది. అదే 1935లో రాజమహేంద్రవరమునుండి మారేమండ రామారావుగారి సంపాదకత్వమున కాకతీయ సంచిక వెలువడినది. నన్నడిగినచో, ఈ విషయమున తెలుగువారు తెలుగువారికి చేసిన మేలులలో మొదటి తాంబూలము తెలంగాణా శాసనములకే ఈయవలెను. పాఠము తెలుగులిపిలో నున్నది. సంపాదకుల మాట తెలుగులో నున్నది. పాఠకుడు ఏ యిరుగుపొరుగు సాయము లేక తలుపు తెఱచుకొని లోపలికి పోవచ్చును.

ప్రభుత్వములు వేసిన సంపుటములు పరిమాణమున గొప్పవి. దక్షిణభారత శాసనసంపుటములలో 1948లో వెలువడిన 10వది మదరాసు రాజధానిలోని తెలుగు శాసనములకే కేటాయింపబడినది. జయంతి రామయ్యపంతులుగారును, ఎన్. లక్ష్మీనారాయణరావుగారును దాని సంపాదకులు. కోస్తా మండలములలోని కాకతీయ శాసనములకు అది గని. పాఠములు తెలుగులిపిలోనే యున్నవి గాని ముందుమాట, ఒక్కొక శాసనపు తలకట్టు ఆంగ్లము. నెల్లూరు మండలపు శాసనములను బట్టర్‌వర్తు, వేణుగోపాలసెట్టిగార్లు 1905లోనే మూడు సంపుటములుగా వేసిరి. తెలంగాణపు జిల్లాలకు పి. శ్రీనివాసాచారిగారి సంపుటములున్నవి. 1974లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వరంగల్లు జిల్లా శాసనములను నేలటూరి వేంకటరమణయ్యగారి చేతను, కరీంనగరు జిల్లా శాసనములను పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి చేతను పరిష్కరింపించి ప్రకటించినది. పరబ్రహ్మశాస్త్రిగారు 1978లో ఆంగ్లమున ప్రకటించిన ఓరుగంటి కాకతీయుల చరిత్ర, ఏ శాసన మెచట నున్నది, ఏ మాటకు ఏది ఆధారము అని అడుగడుగున చూపుచు సాగును. అది చరిత్రగ్రంథమే యైనను మూలముల నన్వేషించువానికి పటమువలె ఉపకరించును.

ఇక వెల సంగతి. నేను విద్యార్థిగా నున్న దినములలో, ఒక పట్టణపు గ్రంథాలయమున 10వ సంపుటము బీరువాలో అద్దము వెనుక కనబడుచుండెను. దానిని అడిగిన ప్రతిమాఱు తాళముచెవి యెవరో తీసికొనిపోయిరని సమాధానము. మూడు నెలలు తిరిగి, ఒకనాడు అరగంటసేపు చేతికి చిక్కగా, నాకు కావలసిన నాలుగు పాఠములను పెన్సిలుతో ఎత్తి వ్రాసికొంటిని. ఆ కాగితములు ఇప్పటికిని నాయొద్ద నున్నవి. పాత పుస్తకముల వ్యాపారి యొకడు అదే సంపుటమునకు అడిగిన ధర విని మాఱు మాటాడక వచ్చివేసితిని. ఆ తరమున ఈ చదువు గ్రంథాలయాధికారి దయమీదనో, ధనవంతుని సంచిమీదనో ఆధారపడియుండెను.

ఆ స్థితి నేడు మాఱినది. ఎంత మాఱినదో మనలో చాలమందికి తెలియదు. ఈ శతాబ్దపు తొలి యేండ్లలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అను పథకముక్రింద మన దేశపు గ్రంథాలయములలోని పాత పుస్తకములు వేలకు వేలుగా స్కాను చేయబడినవి. ఆ పథకపు పుస్తకములు పెక్కు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవులో ఉచితముగా దొరకుచున్నవి. ఎపిగ్రాఫియా ఇండికా సంపుటములు, దక్షిణభారత శాసనసంపుటములు, ఇండియన్ ఆంటిక్వరీ, ఇవి యన్నియు అచట చూడవచ్చును, దింపుకొనవచ్చును. జేబులోని ఫోనులో హుల్ట్‌జ్ పండితుని మోటుపల్లి వ్యాసమును, దాని శాసనపాఠమును, అనువాదమును ఒక్క పైసా లేకుండ చదువుకొనవచ్చును. నేను మూడు నెలలు తిరిగిన తిరుగుడు నేటి విద్యార్థికి మూడు నిముషముల పని. దీనిని సామాన్యమైన మేలుగా నేనెంచను.

అయితే ఈ ఉచితములో చిక్కులు లేకపోలేదు. పుస్తకము పేరు అచ్చుతప్పులతో నమోదై యుండుట, సంపుటసంఖ్య లేకుండుట, పుటలు తలక్రిందులుగానో వంకరగానో స్కానైయుండుట, పెద్ద మడతపుటలుగా వేసిన శాసనప్రతిబింబములు సగమే పడియుండుట సాధారణము. తెలుగులిపిలోని పాఠములను యంత్రము సరిగా గుర్తింపలేదు గనుక, ఒక ఊరిపేరునో, దాత పేరునో వెదకినచో దొరకదు. సంపుటపు చివరి అనుక్రమణికను పుట పుట త్రిప్పుచు పాతకాలపు పద్ధతినే వెదకవలయును. కావున ఈ దారిలో పోవువానికి నా సలహా యొక్కటే: పుస్తకము పేరుతో వెదకుట మొదటిపని కాదు, ఏ శాసనము ఏ గ్రంథమాలలో ఏ సంపుటమున నున్నదో పరబ్రహ్మశాస్త్రిగారి గ్రంథమువంటి దానినుండి ముందుగా వ్రాసికొని, తరువాత ఆ సంపుటమును వెదకవలెను. దారి తెలిసి బయలుదేరినవానికి చీకటి భయము తక్కువ.

ఇందు చట్టపు పేచీ యొకటి గలదు. మన గ్రంథస్వామ్య చట్టము ప్రకారము ప్రభుత్వప్రచురణములపై హక్కు, అవి వెలువడిన మఱుసటి సంవత్సరపు ఆరంభమునుండి 60 ఏండ్లుండును. 1948 నాటి 10వ సంపుటము ఆ కట్టు దాటి అందఱి సొత్తైనది. 1974 నాటి వరంగల్లు, కరీంనగరు సంపుటములు 2034 చివరివఱకు ప్రభుత్వపు హక్కులోనే యుండును. కాకతీయుల రాజధాని జిల్లా శాసనములు, ప్రజాధనముతో సేకరించి, ప్రజాధనముతో అచ్చు వేయించినవి, ప్రజలకు ఉచితముగా అందుటకు ఇంకను కాలపరిమితి యుండుట న్యాయము కాదు. ప్రభుత్వము తలచినచో ఒక్క ఉత్తరువుతో ఆ తలుపు తీయవచ్చును. తిరుమల తిరుపతి దేవస్థానమువారు తమ శాసనసంపుటములను ఉచితముగా చదువుకొనుటకు అందఱికిని తెఱచి పెట్టినారు. ఒక దేవస్థానము చేసినది రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములు చేయలేవా?

ఎస్టాంపేజీల సంగతి మరల వత్తునంటిని. 2023–24 కేంద్ర బడ్జెట్టులో, భారతదేశపు శాసనములకు ఒక ఉమ్మడి నిధిని నెలకొల్పి, తొలిదశలో ఒక లక్ష శాసనములను డిజిటల్ రూపమునకు తెచ్చెదమని ప్రకటించిరి. దానికి హైదరాబాదు స్థానమని చెప్పిరి. ఈ సంకల్పము సఫలమైననాడు మైసూరుకాగితము మంథని పాఠకుని యింటికి వచ్చును. పండితుడు చదివినది సరియో కాదో తన కన్నులతో పోల్చుకొను భాగ్యము ఆనాడు సామాన్యునకును కలుగును. ఆ పనిలో ప్రతిబింబముతోపాటు తెలుగులిపి పాఠమును, తెలుగు తాత్పర్యమును చేర్చినప్పుడే అది మనకు పూర్తిగా దక్కినట్లు. బొమ్మ ఒక్కటే యైనచో, ఱాయివద్ద నిలిచినవాని కష్టమే ఫోనువద్ద కూర్చున్నవానికిని.

ఎందుకన, ఈ విషయమున నిజమైన వెల రూపాయలలో లేదు. పాఠము చేతికి వచ్చిన పిదప దానిని తెలిసికొనుటలో నున్నది. సాధారణముగా ఇట్టి శాసనమున రాజప్రశస్తి సంస్కృతశ్లోకములలో నుండును. దానమును, హద్దులను, కొలతలను తెలుపు భాగము తెలుగు వచనములో నుండును. సంస్కృతము రానివాడు శ్లోకములవద్ద ఆగిపోరాదు. ఆ తరువాతి తెలుగు భాగమే బ్రదుకునకు దగ్గఱిది. మాడలు, గద్యాణములు, పుట్లు, తూములు, మఱుతురులు, సుంకముల పేర్లు, కులవృత్తుల పేర్లు, ఏటికాల్వల పేర్లు అందున్నవి. ఈ మాటలకు నేటి నిఘంటువులలో అర్థము దొరకదు. కుందూరి ఈశ్వరదత్తుగారి శాసనశబ్దకోశము ఇందుకు ఉత్తమమైన సహాయము. అది లేనిచో ఈ సమీక్షలో చెప్పిన ఉచితసంపుటములు సగము మూగపోవును. తేదీలకు ఒక సులువుండనే యున్నది: గతశకవర్షమునకు 78 కలిపిన క్రీస్తుశకము వచ్చును, పుష్యమునుండి ఫాల్గుణమువఱకు గల మాసములైనచో సామాన్యముగా 79. వారతిథులు సరిచూచుకొనగోరువారికి స్వామికన్ను పిళ్లెగారి పంచాంగపట్టికలున్నవి. జయంతి రామయ్యపంతులుగారి శాసనపద్యమంజరి పద్యప్రియులకు తొలిమెట్టుగా బాగుండును. అందలి పద్యములు శాసనములనుండియే ఏరినవి గనుక చెవికింపును, చరిత్రయు ఒక్కమాఱే దక్కును.

ఇన్నిటిని చూచిన మీదట నా నిర్ణయ మిది. ఆంగ్లము రాని తెలుగుపాఠకుడు తెలంగాణా శాసనములతోను, దక్షిణభారత శాసనముల 10వ సంపుటముతోను ప్రారంభించి, శాసనశబ్దకోశమును ప్రక్కన నుంచుకొనవలెను. ఆంగ్లము వచ్చినవాడు ఎపిగ్రాఫియా ఇండికా 3, 12 సంపుటములతో మొదలుపెట్టి, బార్నెట్టు పండితుని పాలంపేట శాసనమునకు పోవలెను. కొనదగిన పుస్తకము ఒక్కటే యున్నచో అది పరబ్రహ్మశాస్త్రిగారిది. తక్కినవి కొనుటకు అప్పు చేయనక్కఱలేదు. అచ్చుపుస్తకము చేతబట్టి చదువగోరువారికి 1901లో వెలసిన హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1918లో వెలసిన వేటపాలెపు సారస్వతనికేతనము వంటి పాత గ్రంథాలయములున్నవి. వేటపాలెము మోటుపల్లికి సమీపముననే యున్నది. ఉదయము అచట చదివి, సాయంకాలము స్తంభమును చూచి రావచ్చును.

ఇవన్నియు ఉండియు ఒక లోపము మిగిలియున్నది. గణపతిదేవుని ముఖ్యశాసనములు ఇరువదింటి మూలపాఠము, దాని ప్రక్కనే వాడుకతెలుగు తాత్పర్యము, ఱాయి యున్న ఊరికి దారి, ఇవి కలిసి బడిపుస్తకపు వెలకు ప్రతి గ్రామగ్రంథాలయమునకు చేరవలెను. శాసనము నిలిచిన ప్రతి చోట, దానిలో నేమున్నదో తెలుపు తెలుగుపలక యొకటి పాతవలెను. మల్కాపురము నేడు అమరావతి రాజధానిప్రాంతములో నున్నది. అచటి శిలలో వ్రాసిన ప్రసూతిశాల మాట ఆ దారిన పోవు తల్లికి తెలియవలదా? విశ్వవిద్యాలయముల తెలుగు, చరిత్ర శాఖలవారు, గ్రంథాలయసంస్థలవారు, రెండు రాష్ట్రముల పురావస్తుశాఖలవారు ఈ పనికి పూనుకొందురుగాక యని వేడుచున్నాను. అంతవఱకు పాఠకులు వేచియుండనక్కఱలేదు. ఈ వ్యాసము చదివినవారు తొలుత మోటుపల్లి శాసనమునే తీసికొందురుగాక. అది ఎపిగ్రాఫియా ఇండికా 12వ సంపుటములో నున్నది, దానికి నేడు వెల లేదు.